రోడ్డెక్కితే కేసు.. మైదానంలో అయితే క్లాసు

శేరిలింగంపల్లి: శనివారం రాత్రి పదకొండు దాటాక రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ మీదుగా కోకాపేట వైపు ఒకసారి వెళ్లి చూడండి. వారమంతా కార్లతో కదలక మెదలక వుండే రోడ్లు ఆ వేళకు ఖాళీ అవుతాయి. ముందు సైలెన్సర్ మోత వినిపిస్తుంది. ఆ తర్వాతే కారు కనిపిస్తుంది. నేలకు ఆనుకున్నట్టు దించిన బాడీ, కంపెనీ ఇచ్చిన వాటికంటే వెడల్పయిన చక్రాలు, వెనుక పళ్లెమంత సైలెన్సర్ గొట్టం. ఒకదాని వెంట ఒకటి రెండు మూడు కార్లు దూసుకుపోతాయి. పక్క అపార్టుమెంట్లలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు.

1998 నవంబర్ 22న నాటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి ఈ చుట్టుపక్కల ఎక్కువగా వున్నవి గుట్టలు, బండరాళ్లు, పల్లెలు. ఎడ్లబండి పోయే బాటలు తర్వాత ఆరు వరసల రోడ్లయ్యాయి. కంప్యూటర్ కొలువులతో కుర్రకారు చేతికి డబ్బు వచ్చింది. డబ్బుతో కార్లు, కార్లతో మోజు వచ్చాయి. రాయదుర్గంలో టీ-హబ్ పరిసర రోడ్లలో వారాంతపు రాత్రుల పందేలపై పోలీసులు పలుమార్లు దాడులు చేసి బైకులు స్వాధీనం చేసుకున్నారు. అయినా మళ్లీ శనివారం వస్తూనే వుంది.

ఈ మోజుకు ప్రపంచంలో చాలాచోట్ల ఒక దారి వుంది. దాని పేరు ఆటోక్రాస్. రోడ్డు మీద నేరమయ్యే మార్పునే అక్కడ రూలు పుస్తకంలో రాసి, దానికి ఒక తరగతి కేటాయించి, స్టాప్‌వాచ్ ముందు నిలబెడతారు. మన ఐటీ కారిడార్‌లో కార్లున్నాయి, వాటిని మార్చే షెడ్డులున్నాయి, నడపాలనే కుర్రాళ్లున్నారు. వాటిని నడపడానికి ఒక మైదానమే కరువైంది.

చట్టం ఏమంటోంది?

ముందు చట్టం సంగతి చూద్దాం. షెడ్డుల్లో ఈ విషయం ఎవరూ చెప్పరు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీ కంపెనీ మొదట పేర్కొన్న వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చరాదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి 182ఏ సెక్షన్ చేర్చారు. దీని ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఒక్కొక్కదానికి అన్న మాట గమనించాలి. నాలుగు మార్పులు చేసిన వాడికి నాలుగు రెట్లు.

అరిగిపోయిన భాగం తీసి అదే రకం భాగం వేసుకుంటే దాన్ని మార్పు అనరు. గ్యాస్ కిట్టు పెట్టించుకోవడానికి, వికలాంగులకు అనువుగా బండిని మలచుకోవడానికి ఆమోదంతో చేసే పద్ధతులు వున్నాయి. మోత మోగే సైలెన్సర్‌కు, రిమ్ములు బయటకు పొడుచుకొచ్చే చక్రాలకు అలాంటి వెసులుబాటు లేదు.

ఇక పందెం కడితే 189వ సెక్షన్ వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో మోటారు వాహనాల పందెంలో పాల్గొన్నా, పాల్గొననిచ్చినా మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారి పట్టుబడితే ఏడాది జైలు వరకు, 10,000 జరిమానా వరకు వెళ్తుంది. నిజం చెప్పాలంటే నెలకు లక్షలు తెచ్చుకునే వాడికి ఈ జరిమానా ఒక టైరు ధర కూడా కాదు. నష్టం ఇంకోచోట వుంది. మార్పుల సంగతి చెప్పకుండా దాచిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మరమ్మతు సొమ్ము ఎగవేయడానికి అదే సాకు దొరుకుతుంది.

వేగం ఏం చేయగలదో ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కర లేదు. 2019 నవంబర్ 4న ప్రారంభమైన బయోడైవర్సిటీ కూడలి ఫ్లైఓవర్ మీద మూడు వారాలు నిండకముందే, నవంబర్ 23న, ఒక కారు అదుపు తప్పి పైనుంచి కిందికి పడింది. కింద రోడ్డు పక్కన వున్న ఒక మహిళ ప్రాణం పోయింది. గంటకు 40 కిలోమీటర్లకు మించరాని చోట కారు 100 దాటి వచ్చిందని పోలీసులు ప్రకటించారు. అది పందెం కాదు, మార్పులు చేసిన కారన్న మాట కూడా ఎవరూ అనలేదు. మామూలు కారు వేగం అది. దానికి ఇంకా బలం చేర్చి అదే రోడ్ల మీదికి వదిలితే ఎలా వుంటుందో ఊహించుకోవచ్చు.

కోన్ల మధ్య పరుగు

ఆటోక్రాస్‌లో రెండు కార్లు ఒకదానితో ఒకటి ఢీకొనే పని లేదు. ఖాళీ మైదానంలోనో, విశాలమైన పార్కింగ్ స్థలంలోనో, వాడుకలో లేని విమానాల రన్‌వే మీదనో నారింజ రంగు కోన్లు పెట్టి వంకర టింకర దారి గీస్తారు. మలుపు మీద మలుపు. ఒక్కో కారూ ఒంటరిగా గడియారంతో పోటీ పడుతుంది. మలుపులు దగ్గర దగ్గరగా వుంటాయి గనుక బండి రెండో గేరు దాటి వెళ్లడం అరుదు. హైవే మీద రోజూ పోయే వేగం కూడా అక్కడ రాదు. కానీ కూర్చున్న వాడికి గుండె గొంతులోకి వస్తుంది. అమెరికాలోని ఎస్‌సీసీఏ అనే క్లబ్బు 1973 నుంచి దీనికి జాతీయ పోటీ నడుపుతోంది. వారి లెక్కలో కోన్ పడగొడితే ఒక్కొక్కదానికి రెండు సెకన్లు కలుపుతారు. దారి తప్పి ఒక గేటు వదిలేస్తే ఆ పరుగు లెక్కకే రాదు.

మన దేశంలో ఈ పోటీలు ఎక్కువగా మట్టి మైదానాల్లో జరుగుతాయి. మోటారు క్రీడలకు జాతీయ సంస్థ ఎఫ్‌ఎంఎస్‌సీఐ, 1971లో ఏర్పడింది. జాతీయ ఆటోక్రాస్ ఛాంపియన్‌షిప్ కూడా దాని గుర్తింపుతోనే నడుస్తుంది. గుర్తింపు వున్న పోటీలో పాల్గొనాలంటే డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే సరిపోదు, ఈ సంస్థ ఇచ్చే పోటీ లైసెన్సు కూడా వుండాలి. తరగతులను ఇంజిన్ సీసీని బట్టి, చేసిన మార్పులను బట్టి విడదీస్తారు. మహిళలకు వేరే తరగతి వుంటుంది.

ఎడ్ల పళ్లు చూసినట్టే

ఈ తరగతుల సంగతి మన రైతులకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. గుంటూరు, ప్రకాశం, కృష్ణా వైపు తిరునాళ్లలో ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలు చూసిన వారికి తెలుసు. రెండు పళ్ల జత ఒక విభాగం, నాలుగు పళ్లది ఇంకొకటి, ఆరు పళ్లది మరొకటి. సీనియర్ల బండ వేరు, బరువు వేరు. పోటీకి ముందు ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కపెడతారు. లేదూడను ముదురు ఎద్దు పక్కన కట్టి పోటీ అంటే జనం వూరుకోరు. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. ఆటోక్రాస్‌లో కూడా బండి నోరు తెరిచి పళ్లు చూస్తారు. దానికి పెట్టిన పేరు స్క్రూటినీ.

అమెరికా వారి రూలు పుస్తకం ఈ విషయంలో చాలా వివరంగా వుంటుంది. అట్టడుగు మెట్టు స్ట్రీట్ తరగతి. షోరూం నుంచి వచ్చిన కారు దాదాపు అలాగే వుండాలి. షాక్ అబ్జార్బర్లు మార్చవచ్చు. బ్రేక్ ప్యాడ్లు, ఎయిర్ ఫిల్టర్ లోపలి భాగం మార్చవచ్చు. కెటలిటిక్ కన్వర్టర్ తర్వాత వుండే సైలెన్సర్ గొట్టం మార్చవచ్చు. మలుపులో బండి పక్కకు ఒరగకుండా పట్టి వుంచే యాంటీ రోల్ బార్లలో ముందుదో వెనుకదో ఒక్కటి మార్చవచ్చు. చక్రం వెడల్పు మాత్రం కంపెనీ ఇచ్చిందే వుండాలి, ఎత్తు ఒక అంగుళం అటూ ఇటూ అయినా ఫరవాలేదు. స్ప్రింగులు ముట్టరాదు. ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్చరాదు.

రెండో మెట్టు మీద స్ప్రింగులు, వెడల్పు చక్రాలు, గాలి పీల్చే గొట్టాలు, ఇంజిన్ కంప్యూటర్‌లో మార్పులు వస్తాయి. ఆ పైన ఇంజిన్ లోపలి పనులు, బాడీ కోతలు. చిట్టచివర పోటీ కోసమే కట్టిన బండ్లు, వాటిని రోడ్డు మీదకు తేనే తేలేరు.

టైర్ల మీద పెట్టిన నిబంధన చెప్పుకోదగ్గది. అక్కడ అమ్మే టైరు పక్కగోడ మీద ట్రెడ్‌వేర్ అనే అంకె అచ్చు వేసి వుంటుంది. అంకె తక్కువైన కొద్దీ రబ్బరు మెత్తన, నేలను గట్టిగా పట్టుకుంటుంది, త్వరగా అరిగిపోతుంది. స్ట్రీట్ తరగతిలో ఈ అంకె 200కు తగ్గరాదు. ఆ గీత లేకపోతే జేబు బరువైన వాడు ఒక్కో పోటీకి ఒక్కో జత మెత్తని టైర్లు కొని గెలిచిపోతాడు. మధ్యతరగతి వాడు రెండు పోటీలకే ఇంటి ముఖం పడతాడు. ఈ పుస్తకంలో చాలా నిబంధనల వెనుక వున్న ఆలోచన ఇదే. అవి కారును కట్టడి చేస్తున్నట్టు కనిపిస్తాయి, కట్టడి చేసేది ఖర్చును.

ఇంకో కీలకమైన సూత్రం వుంది. మార్చవచ్చని రాసి వుంటేనే మార్చాలి. వద్దని రాయలేదు కదా అని వాదిస్తే చెల్లదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు బోల్తా పడేది ఇక్కడే. షోకు కోసం వెడల్పు రిమ్ములు ఎక్కించిన వాడు, ఇంజిన్‌లో ఏ మార్పూ చేయకపోయినా స్ట్రీట్ తరగతిలో నిలబడలేడు. పై తరగతిలోకి నెడతారు. అక్కడ స్ప్రింగులు, కంప్యూటర్, గొట్టాలు అన్నీ మార్చిన వారితో తలపడాలి. చేసింది ఒక మార్పు, పోటీ పది మార్పులు చేసిన వాడితో. వాడి మొహం చూడాలి అప్పుడు! ముందు పుస్తకం చదివి తర్వాత షెడ్డుకు పోవాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. మన వాళ్లు ముందు షెడ్డుకు పోతారు. పుస్తకం వుందనే సంగతే చాలామందికి తెలియదు.

వేరు వేరు తరగతుల వారిలో మొత్తం మీద ఎవరు బాగా నడిపారో తేల్చడానికి ఒక లెక్క కూడా పెట్టారు. ఒక్కో తరగతికి ఒకటి లేదా అంతకంటే తక్కువ అంకె ఇస్తారు. వచ్చిన సమయాన్ని దానితో గుణిస్తారు. మాట వరసకు ఇలా అనుకుందాం. పాత మారుతి 800లో ఒకరు 62.40 సెకన్లలో వచ్చారు, ఆ తరగతి అంకె 0.800. ఖరీదైన టర్బో కారులో మరొకరు 58.10 సెకన్లలో వచ్చారు, ఆ తరగతి అంకె 0.870. గుణిస్తే మొదటి వారికి 49.92, రెండో వారికి 50.55. నాలుగు సెకన్లు వెనుక వచ్చిన మారుతిదే పైచేయి. మారుతి 800 అమ్మకాలు హైదరాబాద్‌లో కాలుష్య నిబంధనల వల్ల 2010 ఏప్రిల్ నుంచే ఆగిపోయాయి గాని, పల్లెల్లో ఇంకా తిరుగుతున్న బండ్లు లేకపోలేదు.

దొంగ మార్పులు చేసి కింది తరగతిలో దూరేవారు వుండరా? వుంటారు. ఎదుటివాడి బండి మీద అనుమానం వస్తే డబ్బు కట్టి ఫిర్యాదు చేయవచ్చు. అవసరమైతే ఇంజిన్ విప్పి చూస్తారు. తప్పు దొరికితే బండి పోటీ నుంచి అవుట్. దొరకకపోతే విప్పి బిగించిన ఖర్చు ఫిర్యాదు చేసిన వాడి నెత్తిన పడుతుంది. అందుకని కడుపుమంటతో చేసే ఫిర్యాదులు తక్కువే.

భద్రత విషయంలో తరగతి తేడా లేదు. తలకు హెల్మెట్, నడుముకు బెల్టు. బ్యాటరీ కదలకుండా బిగించి వుండాలి. చక్రం పట్టుకుని వూపితే లొడలొడలాడరాదు. డిక్కీలో స్టెప్నీ, జాకీ, నీళ్ల సీసా ఏదీ విడిగా దొర్లకూడదు. ఎత్తు ఎక్కువై వెడల్పు తక్కువైన బండ్లు మలుపుల్లో బోల్తా కొట్టే ప్రమాదం వుంది గనుక అలాంటివాటిని రానివ్వరు. గచ్చిబౌలి రోడ్ల మీద ఇప్పుడు నిలువెత్తు ఎస్‌యూవీల రాజ్యం నడుస్తోంది. వాటిలో కొన్నింటికి గేటు దగ్గరే చుక్కెదురవుతుంది.

కోయంబత్తూరు తెలుగువారి దారి

నిబంధనతోనే ఆటను సామాన్యుడి దగ్గరకు తెచ్చిన మనిషి మన దేశంలోనే ఒకరున్నారు. ఆయన పేరు సుందరం కరివర్ధన్. కోయంబత్తూరులో లక్ష్మీ మిల్లుల కుటుంబానికి చెందిన వారు. తరాల క్రితం తమిళనాట స్థిరపడిన తెలుగు నాయుళ్ల కుటుంబమది. 1988లో ఆయన ఫార్ములా మారుతి అనే చిన్న రేసు కారు తయారు చేశారు. మారుతి 800లో వుండే 796 సీసీ ఇంజిన్, ఆ కారు విడిభాగాలే దానికి ఆధారం. అందరికీ ఒకే రకం బండి, ఒకే ఇంజిన్. తండ్రి ఎంత ధనవంతుడైనా అంతకు మించి కొనడానికి అందులో ఏమీ లేదు. విదేశాల నుంచి కార్లు దిగుమతి చేసుకునే స్తోమత వున్న కొద్దిమంది చేతిలో వున్న ఆట ఆ దెబ్బతో చాలామందికి అందింది. నారాయణ్ కార్తికేయన్ కూడా ఫార్ములా మారుతితోనే మొదలుపెట్టి 2005లో ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ 1995లో గాలిలో జరిగిన ప్రమాదంలో చనిపోయారు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే వుంది.

హైదరాబాద్‌కు ఇలాంటి దారి దొరకలేదు. దొరికినవన్నీ పెద్ద పెద్ద కలలే. 2003లో నాటి ప్రభుత్వం ఇక్కడి గోపనపల్లి ప్రాంతంలో ఫార్ములా వన్ ట్రాక్ కట్టాలని సంకల్పించింది. 2004 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, ట్రాక్ మాట మరుగున పడింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అక్కడా తరగతి నిబంధనే నడిచింది. అందరికీ ఒకే చట్రం, ఒకే బ్యాటరీ, ఒకే టైర్లు. మోటారు వంటి కొన్ని భాగాలూ, వాటి సాఫ్ట్‌వేరూ మాత్రమే జట్టు ఇష్టం. 2024 ఫిబ్రవరిలో రెండోసారి జరగాల్సిన పందెం ఆ ఏడాది జనవరిలోనే రద్దయింది. మళ్లీ ప్రభుత్వం మారింది లెండి. ఈ పందేలకు అయిన ఖర్చులో ఒక ముక్కతో ఎన్ని మట్టి మైదానాలు చదును చేయవచ్చో అధికారులే లెక్క వేసుకోవాలి.

ఎకరం వంద కోట్లయితే..

మైదానం ఎక్కడ? అసలు చిక్కు ఇదే. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం అత్యధికంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ నేల మీద కోన్లు పెట్టి ఆడుకుంటామంటే ఎవరిస్తారు? శని, ఆదివారాల్లో కంపెనీల పార్కింగ్ స్థలాలు ఖాళీగా వుంటాయి గాని, ఏదైనా జరిగితే ఎవరు బాధ్యులన్న ప్రశ్న దగ్గర మాట ఆగిపోతుంది. ఆ భయంలో అర్థం లేకపోలేదు. మామూలు కారు బీమా పాలసీ తీసి చదవండి. పందేలకు, వేగ పరీక్షలకు వాడితే వర్తించదని అందులో స్పష్టంగా వుంటుంది. అంటే పోటీ పెట్టేవారు దానికి ప్రత్యేకంగా బీమా తీసుకోవాలి, అంబులెన్సు నిలబెట్టాలి, అనుమతులు తేవాలి. నలుగురు స్నేహితులు కలిసి ఒక ఆదివారం చేసే పని కాదిది. క్లబ్బు కావాలి, క్లబ్బు వెనుక పెద్దమనుషులు కావాలి.

అవుటర్ రింగు రోడ్డు దాటితే పరిస్థితి కొంత వేరు. శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు పంట వేయని నేలలు ఇంకా వున్నాయి. మట్టి ఆటోక్రాస్‌కు తారు అక్కర లేదు, రాళ్లు ఏరి చదును చేసి నీళ్లు చల్లితే చాలు. రెండు పంటల మధ్య వారం రోజులు ఎకరాల లెక్కన అద్దెకు ఇచ్చే రైతులు దొరక్కపోరు. వూరికి దూరంగా వుంటే మోత బాధ కూడా తక్కువ.

ఆ పల్లెల కుర్రాళ్లు ఎంతోమంది ఇప్పటికే నగరం షెడ్డుల్లో చేతులు నల్లగా చేసుకుంటున్నారు. సాఫ్ట్‌వేరు వారి కార్లకు స్ప్రింగులు బిగించేది వారే, పని అయ్యాక ఒక రౌండు నడిపి చూసేది వారే. ఏ కారు ఏ మలుపులో ఎలా జారుతుందో యజమాని కంటే వారికే బాగా తెలుసు. సొంత కారు కొనే స్తోమత వారికి లేదు. ఆటోక్రాస్‌లో ఒకే కారును ఇద్దరు నడపడానికి వీలుంది. యజమాని తన పరుగులు ముగించి దిగితే, అదే కారులో అదే తరగతిలో షెడ్డు కుర్రాడు ఎక్కి పరుగు తీయవచ్చు. ఇద్దరి సమయాలు ఒకే పట్టికలో పక్కపక్కన పడతాయి.

అమెరికా పోటీల్లో మరో ఆనవాయితీ వుంది. ప్రవేశ రుసుం కట్టినంత మాత్రాన పని అయిపోదు. మొదటి జట్టు నడుపుతుండగా రెండో జట్టు మైదానంలో నిలబడి పడిన కోన్లు లేపి పెట్టాలి, ఎన్ని పడ్డాయో వైర్‌లెస్‌లో చెప్పాలి, ఎర్ర జెండా చేతిలో పట్టుకుని వుండాలి. ఆ తర్వాత వారు కార్లెక్కుతారు, వీరు ఎండలోకి వస్తారు.